కుర్చీలు తక్కువ, మంచు అంతే

చిన్న రింకులో, అంటే మంచు మీద హాకీ ఆడే చిన్న భవనంలో, చిన్నవి కుర్చీల వరుసలు మాత్రమే. ఉత్తర అమెరికాలో ఐస్ హాకీ ఆడే మంచు మామూలుగా 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు ఉంటుంది. డెట్రాయిట్‌లో ఇరవై వేలకు దగ్గరగా జనం పట్టే భవనంలో ఆడే ఎన్‌హెచ్ఎల్ (అమెరికా, కెనడాల అత్యున్నత వృత్తి హాకీ లీగు) జట్టుకైనా, అదే మిషిగన్ రాష్ట్రపు ఉత్తర కొసన నాలుగు వేల పైచిలుకు మంది పట్టే మా ఊరి కాలేజీ రింకులో ఆడే కుర్రాళ్ళకైనా ఆ కొలతే. గోలు వెడల్పు ఆరడుగులు, ఎత్తు నాలుగడుగులు. పక్ మూడంగుళాల వ్యాసమూ అంగుళం మందమూ ఉన్న గట్టి రబ్బరు బిళ్ళ. ఎగిరెగిరి పడకుండా ఆటకు ముందు దాన్ని ఫ్రీజర్లో పెడతారు. ఇవన్నీ ఒకటే అయినప్పుడు, చూసేవాడికీ ఆటకూ మధ్య దూరం తగ్గడం లోటు ఎట్లా అవుతుందో నాకు బోధపడదు. అయినా శీతాకాలంలో తెలుగువాళ్ళం నలుగురం ఎక్కడ కలిసినా ఎవరో ఒకరు అడగకుండా ఉండరు: “ఇంత చలిలో కాలేజీ పిల్లల ఆట చూడడానికి వెళ్తారా మీరు? చూస్తే ఎన్‌హెచ్ఎలే చూడాలి గానీ.” భవనం ఎంత పెద్దదైతే లోపలి ఆట అంత గొప్పదన్న లెక్క ఆ మాట వెనక ఉంది. అమెరికన్ ఫుట్‌బాల్‌కు ఆ లెక్క చాలావరకు చెల్లుతుంది. ఐస్ హాకీకి మాత్రం చెల్లదని నా వాదన. ఈ క్రీడలో ఊరి పరిమాణానికీ ఆట స్థాయికీ పెద్దగా పొత్తు లేదు. అంతకన్నా ముఖ్యంగా, ఈ ఆట కంటికీ చెవికీ పూర్తిగా అందేది దగ్గర నుంచి చూసినప్పుడే.

ముందు ఊరి సంగతి చెప్పాలి. మా ఊరు హోటన్ జనాభా 2020 లెక్కల ప్రకారం ఎనిమిది వేల పైచిలుకు. సుపీరియర్ సరస్సులోకి చొచ్చుకుపోయిన కీవినా ద్వీపకల్పం నడుమ, ఒక సన్నని జలమార్గం ఒడ్డున ఉంటుంది. అవతలి ఒడ్డున హాంకాక్, రెంటినీ కలుపుతూ పడవల కోసం పైకి లేచే వంతెన. సరస్సు మీదుగా వచ్చే చలిగాలి ఏటా 200 అంగుళాలకు మించి మంచును ఇక్కడ కుమ్మరిస్తుంది. 1978-79 శీతాకాలంలో కీవినా కౌంటీలో 390.4 అంగుళాలు కురిసిందని రోడ్డు పక్కన ఒక ఎత్తైన కొలబద్ద నాటి మరీ చూపిస్తారు. ఇంత మారుమూల ఊరికి హాకీ ఎక్కడి నుంచి వచ్చిందంటే, రాగి నుంచి వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో ఈ నేల కింద దొరికిన రాగి కోసం కార్న్‌వాల్ నుంచీ ఫిన్లాండ్ నుంచీ ఇంకా పది దేశాల నుంచీ కూలీలు వచ్చారు. గనుల డబ్బుతో పట్టణాలు వెలిశాయి. ఆ పట్టణాలకు దీర్ఘమైన శీతాకాలపు సాయంత్రాలు గడవడానికి ఒక వినోదం కావలసి వచ్చింది. కెనడా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన జె. ఎల్. గిబ్సన్ అనే పళ్ళ డాక్టరు పోర్టేజ్ లేక్స్ అనే జట్టును నిలబెట్టాడు. ఆటగాళ్ళకు బాహాటంగా జీతాలిచ్చిన మొదటి హాకీ లీగు 1904లో మొదలైనప్పుడు అందులో హోటన్ ఒక కేంద్రం. అంటే డబ్బు తీసుకుని హాకీ ఆడడమనే పద్ధతి టొరాంటో, న్యూయార్క్ వంటి మహానగరాలకన్నా ముందు ఈ గనుల పట్టణంలో బహిరంగమైంది. ఆ లీగు 1907లో ముగిసిపోయింది. గనులూ కాలక్రమంలో మూతపడ్డాయి. గనులకు ఇంజినీర్లను తయారుచేయడానికి 1885లో పెట్టిన బడి మాత్రం పెరిగి పెద్దదై ఇవాళ మిషిగన్ టెక్ విశ్వవిద్యాలయం అయింది. దాని హాకీ జట్టుకు వందేళ్ళు దాటాయి.

చదువుకోసం వచ్చి, ఉద్యోగం కూడా ఇక్కడే దొరికి ఉండిపోయినవాణ్ణి నేను. కాబట్టి ఈ మాటల్లో ఊరి మీద మమకారం కొంత ఉంటుంది. దాన్ని పక్కన పెట్టి లెక్కలు చూసినా వాదన నిలబడుతుంది. మిషిగన్ రాష్ట్రపు ఈ ఉత్తర భాగాన్ని అప్పర్ పెనిన్సులా అంటారు. మొత్తం జనాభా మూడు లక్షలు, అంటే మన దగ్గర ఒక మోస్తరు నగరపు జనాభా కూడా కాదు. ఈ మూడు లక్షల మంది మధ్య అమెరికా కాలేజీ హాకీలో అత్యున్నత శ్రేణి అయిన డివిజన్ వన్ జట్లు మూడున్నాయి. మిషిగన్ టెక్ 1962, 1965, 1975లలో జాతీయ విజేత. సూ సెయింట్ మరీలోని లేక్ సుపీరియర్ స్టేట్ 1988, 1992, 1994లలో గెలిచింది. నార్దర్న్ మిషిగన్ 1991లో గెలిచింది. మొత్తం ఏడు జాతీయ టైటిళ్ళు. ఇవే విశ్వవిద్యాలయాలు ఫుట్‌బాల్‌లోనో బాస్కెట్‌బాల్‌లోనో కింది శ్రేణికి చెందినవి. లక్షా ఏడు వేల మంది పట్టే స్టేడియం ఉన్న ఆన్ ఆర్బర్‌లోని మిషిగన్ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టుతో తలపడాలన్న ఊహ కూడా వాటికి రాదు. హాకీలో అయితే అదే ఆన్ ఆర్బర్ జట్టు ఇక్కడికి వచ్చి ఓడిపోయి వెళ్ళిన రాత్రులు బోలెడు. న్యూయార్క్ రాష్ట్రంలో యూనియన్ కాలేజీ రెండు వేల చిల్లర విద్యార్థులున్న సంస్థ. క్రీడా స్కాలర్‌షిప్పులు ఇవ్వకుండానే 2014లో జాతీయ టైటిల్ గెలిచింది. ఫుట్‌బాల్‌లో ఇటువంటిది జరిగిందని ఎవరైనా చెబితే నమ్మకూడదు.

దీనికి కారణం పెద్ద రహస్యమేమీ కాదు. డివిజన్ వన్‌లో పురుషుల హాకీ ఆడే సంస్థలు దేశం మొత్తం మీద అరవై పైచిలుకే. బాస్కెట్‌బాల్‌కు మూడు వందల యాభైకి పైగా ఉన్నాయి. ఒక జట్టుకు కావలసింది పాతిక మంది ఆటగాళ్ళు, రాత్రికి ఆడేది ఇరవై మంది. వాళ్ళు కూడా బడి అయిపోగానే వచ్చే పద్దెనిమిదేళ్ళ పిల్లలు కాదు. చాలామంది జూనియర్ లీగుల్లో రెండు మూడేళ్ళు ఆడి, ఇరవయ్యో ఏటో ఇరవై ఒకటో ఏటో మొదటి సంవత్సరం విద్యార్థిగా చేరతారు. నాలుగో ఏడు వచ్చేసరికి వాళ్ళు పిల్లలు కారు, పాతికేళ్ళకు దగ్గరపడుతున్న గట్టి మగవాళ్ళు. “కాలేజీ పిల్లల ఆట” అన్న మాటకు నేను నొచ్చుకునేది ఇందుకే. ఎన్‌హెచ్ఎల్‌లో ఆడేవాళ్ళలో దాదాపు మూడో వంతు ఈ కాలేజీ రింకుల నుంచి వెళ్ళినవాళ్ళే.

ఇక చూడడం గురించి. రింకుకు మొదటిసారి వచ్చిన తెలుగు కుర్రాడెవరైనా పది నిమిషాలకు అనే మాట ఒకటే: “అన్నా, పక్ ఎక్కడుందో కనబడటం లేదు.” కనబడదు. దాని కోసం వెతకవద్దని చెబుతాను. ఆటగాళ్ళ భుజాలు ఎటు తిరిగాయో చూడమంటాను, పక్ లేని వాళ్ళు ఎటు పరుగెత్తుతున్నారో చూడమంటాను. కాసేపటికి పక్ దానంతటదే దొరుకుతుంది. ఇంట్లో క్యారమ్ బోర్డు దగ్గర పెరిగిన మనవాళ్ళకు ఒక విషయం త్వరగా పట్టుబడుతుంది: అంచుకు తగిలించి కొట్టడం. రింకు చుట్టూ మూడున్నర అడుగుల ఎత్తు బోర్డులుంటాయి, వాటి మీద గాజు. దారి మూసుకుపోయిన ఆటగాడు ఎదురుగా ఉన్నవాణ్ణి దాటించలేక పక్‌ను పక్కబోర్డుకు కొడతాడు; అది ఏ కోణంలో తగిలిందో ఆ కోణంలోనే వెనక్కి వచ్చి, రెండు అంగల ముందుకు జరిగిన అతనికే చేరుతుంది. ఆ గోడ కూడా జట్టులో ఒక ఆటగాడని అర్థమైన రోజున మనిషి హాకీ చూడడం మొదలుపెట్టినట్టు. అది టీవీలో అర్థం కాదు. టీవీ కెమెరా పక్ వెంట నడుస్తుంది. తెర మీద పడేది రింకులో మూడో వంతు. మిగిలిన రెండు వంతుల్లోనే అసలు విషయం జరుగుతూ ఉంటుంది.

ఆ మిగిలిన రెండు వంతుల్లో జరిగే వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది వరుసలు మారడం. ఈ ఆటలో ఎవరూ ఏకధాటిగా ఆడలేరు. ముప్పావు నిమిషం పూర్తి వేగంతో పరుగెత్తితే ఊపిరి అయిపోతుంది, బెంచికి వచ్చి కూర్చోవాలి, మరొకడు దూకాలి. దీనికోసం ఆట ఆగదు. బంతి ఆటల్లో మనకు అలవాటైన విరామం ఇక్కడ లేదు కాబట్టి, ఎప్పుడు మారాలన్నది కూడా ఆటలో ఒక ఎత్తుగడ. తప్పు సమయంలో ముగ్గురు బెంచికి తిరిగితే అవతలి జట్టు ఖాళీ మంచు మీద దూసుకుపోతుంది. ఆట మూడు భాగాలు, ఒక్కోదాన్ని పీరియడ్ అంటారు. రెండో పీరియడ్‌లో ఇది మరింత ఆసక్తికరంగా ఉంటుంది. జట్లు గోలు వైపులు మార్చుకుంటాయి గానీ బెంచీలు మార్చుకోవు. అందువల్ల మొదటి పీరియడ్‌లో తమ గోలుకు దగ్గరగా ఉన్న బెంచి రెండో పీరియడ్‌లో దూరమవుతుంది. అలిసిపోయిన రక్షకుడు తన చివర ఇరుక్కుపోయి, బెంచి వైపు చూస్తూ, వెళ్ళలేక, నిమిషంన్నర పాటు కాళ్ళీడుస్తూ ఆడడం కనబడుతుంది. రెండో పీరియడ్‌లో గోల్స్ ఎక్కువ పడడానికి ఇదొక ముఖ్య కారణం. పైవరుసలో కూర్చున్నా మంచు మొత్తం కనబడే మా రింకులో ఆ ఇరుకును ముందే పసిగట్టవచ్చు. గోలు పడే అరనిమిషం ముందే జనం కుర్చీల అంచుకు జరగడం మొదలవుతుంది. ఇంట్లో తెర ముందు కూర్చున్నవాడికి ఆ గోలు ఊహించని విడ్డూరంలా వచ్చి పడుతుంది. ఆ ముందస్తు తెలివిడి కోసమే నేను టికెట్ కొంటాను. గోలు దానికి కొసరు.

చెవికి అందేది మరొకటి. ఇరవై వేల మంది భవనంలో ఆటకు మించి లౌడ్‌స్పీకర్ వినబడుతుంది. మా రింకులో ఫేస్ ఆఫ్‌కు, అంటే రిఫరీ పక్ వదిలి ఆట మొదలుపెట్టడానికి, ముందు జనం సద్దుమణిగినప్పుడు స్కేటు అంచు మంచును కోసే చప్పుడు వినవచ్చు, పాసు అడుగుతూ స్టిక్‌తో మంచును టపటప కొట్టేవాణ్ణి వినవచ్చు, రక్షకులకు వెనక నుంచి ఎవరు తరుముతున్నారో గోలీ (గోలు కాపలా కాసేవాడు) అరిచి చెప్పడం వినవచ్చు. అవతలి జట్టువాడు పెనాల్టీ ముగించుకుని మంచు మీదికి రాబోతున్నాడని తెలియజేయడానికి గోలీ స్టిక్‌ను మంచుకు గట్టిగా బాదుతాడు. పక్ మీద ధ్యాసలో ఉన్న తనవాళ్ళకు అదే గడియారం. రెండు నిమిషాల పెనాల్టీ అంటే ఒక మనిషి తక్కువ. ఆ రెండు నిమిషాల్లో గోలు పడేది సుమారుగా అయిదింటిలో ఒకసారే. మిగిలిన నాలుగుసార్లు నలుగురు మనుషులు అయిదుగురిని ఎట్లా నిలవరించారన్నది చూడదగ్గ విషయం, కానీ అది మర్నాటి వార్తలో ఒక్క వాక్యం కూడా కాదు. గోలీల సంగతీ అంతే. పది షాట్లలో తొమ్మిది ఆపేవాడు మామూలు గోలీ. ఆ తొమ్మిదింటి మీద చప్పట్లు కొట్టేది ఎదురుగా కూర్చున్నవాళ్ళే. 1965లో టెక్ జాతీయ టైటిల్ గెలిచిన జట్టులో టోనీ ఎస్పొసిటో అనే గోలీ ఉన్నాడు. తర్వాత షికాగో తరఫున 1969-70 సీజన్లో 15 ఆటల్లో అవతలివాళ్ళకు ఒక్క గోలూ ఇవ్వలేదు.

నా వాదనకు ఎదురు సాక్ష్యం ఒకటుంది, దాన్ని దాచడం న్యాయం కాదు. 2022 మార్చి 19న మిన్నెసోటాలోని మంకేటోలో మా జట్టు ఆడే సీసీహెచ్ఏ అనే కాన్ఫరెన్స్ (తమలో తాము పోటీపడే కాలేజీల కూటమి) ఫైనల్ జరిగింది; మిన్నెసోటా స్టేట్, బెమిజీ స్టేట్ తలపడ్డాయి. అదనపు సమయంలో ఆతిథ్య జట్టు గోలు కొట్టింది, సంబరాలు చేసుకుంది, కప్పు అందుకుంది, అందరూ లోపలికి వెళ్ళిపోయారు. గంటకు పైగా గడిచాక, ఆ పక్ గోలు ముందు నుంచి కాక, పైకి లేచిన గోలు చట్రం కింద నుంచి లోపలికి జారిందని వీడియోలో తేలింది. గోలు రద్దు చేశారు. ఆటగాళ్ళను మళ్ళీ మంచు మీదికి పిలిచి ఆట కొనసాగించారు. మిన్నెసోటా స్టేటే మళ్ళీ గోలు కొట్టి మళ్ళీ గెలిచింది. రిఫరీలకూ, గోలు వెనకే కూర్చున్న జనానికీ కనబడనిది కెమెరా కంటికి కనబడింది. నిజమే. పక్ గీత దాటిందా లేదా అన్న ప్రశ్నకు కెమెరాయే సరైన సాక్షి, అందులో నాకు తగవు లేదు. కానీ ఆట అంటే ఆ ప్రశ్న ఒక్కటే కాదు కదా. టీవీ వాళ్ళకు కూడా ఈ ఆట ఎంత కొరుకుడుపడలేదో చెప్పాలంటే 1996 గుర్తు చేసుకోవాలి: ఆ ఏడాది ఫాక్స్ సంస్థ పక్‌లో ఎలక్ట్రానిక్ పరికరాలు అమర్చి, తెర మీద అది నీలంగా మెరిసేటట్టూ, గట్టిగా కొడితే వెనక ఎర్రటి తోక కనబడేటట్టూ చేసింది. రెండేళ్ళకు మానేశారు. అక్కర్లేని చోట దీపం పెట్టారని నా అభిప్రాయం, చూడవలసింది ఆటగాళ్ళను.

చిన్న రింకు పేదరికం వల్ల చిన్నదైందని అనుకునేవాళ్ళకు పెన్సిల్వేనియా ఉదాహరణ చెబుతాను. 2010లో టెర్రీ పెగూలా అనే పారిశ్రామికవేత్త పెన్ స్టేట్‌కు హాకీ కోసం 88 మిలియన్ డాలర్లు ఇచ్చాడు. లక్షకు మించి జనం పట్టే ఫుట్‌బాల్ స్టేడియం ఉన్న సంస్థ అది. ఎంత పెద్ద రింకు కట్టినా అడిగేవాడు లేడు. 2013లో తెరిచిన ఆ రింకులో పట్టేది ఆరు వేల మంది. విద్యార్థుల వరుసలను ఒక గోలు వెనక నిట్టనిలువుగా పేర్చారు. డబ్బు ఉన్నవాళ్ళు కూడా కొనుక్కున్నది దగ్గరతనాన్నే. ఇంకా విచిత్రం అరిజోనాలో జరిగింది. ఫీనిక్స్ ఎన్‌హెచ్ఎల్ జట్టు కయోటీస్‌కు భవనం లేకపోయి, 2022 నుంచి రెండు సీజన్లు అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయపు అయిదు వేల కుర్చీల రింకులో ఆడింది. లీగు పరువు పోయిందని చాలామంది నొచ్చుకున్నారు. ప్రపంచంలోని అత్యుత్తమ ఆటగాళ్ళను మా ఊళ్ళో చూసినంత దగ్గర నుంచి చూసే వీలు ఆ జనానికి చిక్కిందని నేను అసూయపడ్డాను. టికెట్ల రాబడి ఎన్‌హెచ్ఎల్ జీతాలకు చాలదు, 2024లో ఆటగాళ్ళు సాల్ట్ లేక్ సిటీకి తరలిపోయారు. అది వ్యాపారపు లెక్క. చూసేవాడి కన్నుకు ఆ లెక్కతో పని లేదు.

జనం గురించి కొంత. మా రింకులో బ్యాండు వాళ్ళు పసుపు నలుపు చారల ఓవరాల్స్ వేసుకుని వస్తారు. సంగీతంలో శ్రుతి కన్నా గొంతు ఎక్కువ, నాకు అభ్యంతరం లేదు. ఒక విరామంలో వాళ్ళు పాత వాల్ట్జ్ బాణీ ఒకటి వాయిస్తే, ముసలివాళ్ళూ పిల్లలూ భుజాలు కలుపుకుని వరుసలకు వరుసలు అటూ ఇటూ ఊగుతారు. గోలు పడితే విద్యార్థులంతా అవతలి గోలీ వైపు వేలు చూపించి అతన్ని జల్లెడ అని తిడతారు; ఇది దేశమంతటా కాలేజీ రింకుల ఆచారం, ఇంతకన్నా మర్యాదైన తిట్టు క్రీడల్లో నేను వినలేదు. విద్యార్థులకు ప్రవేశం వాళ్ళు కట్టే ఫీజులోనే కలిసి ఉంటుంది, కాబట్టి ఎం.ఎస్. కోసం హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వచ్చినవాడు కూడా జేబులోంచి పైసా తీయకుండా లోపలికి రావచ్చు. రారు, లేదా ఒకసారి వచ్చి ఫోటో దిగి వెళ్ళిపోతారు. ఫిబ్రవరిలో వింటర్ కార్నివాల్ జరుగుతుంది, 1922 నుంచీ ఉన్న పండుగ. రాత్రంతా మేలుకుని మంచుతో భవనాలంత శిల్పాలు కడతారు. ఆ వారాంతపు హాకీకి మాత్రం మనవాళ్ళు గుంపుగా కనబడతారు. మిగిలిన చలికాలమంతా గదుల్లో కూర్చుని అర్ధరాత్రి దాటాక క్రికెట్ పెట్టుకుంటారు. తప్పనడం లేదు, నేనూ పెట్టుకుంటాను. కానీ గుమ్మం దిగి నడిచిపోయేంత దూరంలో దేశంలోని అరవై చిల్లర జట్లలో ఒకటి ఆడుతూ ఉంటే, అది మనది కాదనుకోవడానికి కారణమేమిటో ఒకసారి అడిగి చూసుకోవాలి.

కారణం ఒకటి నాకు తెలుసు, అది కొట్టిపారేయదగినదీ కాదు. మంచు మీద కనబడేవాళ్ళలో మన రంగువాళ్ళు లేరు. ఈ ఆట ఖరీదైనది. స్కేట్లు, రక్షణ కవచాలు, మంచు అద్దె, ఊళ్ళు తిరిగే ఖర్చు కలిపితే పిల్లవాణ్ణి హాకీ ఆడించడం మధ్యతరగతికి కూడా భారమే, అందుకే అది కొన్ని కుటుంబాల ఆటగా మిగిలింది. అయితే తలుపు పూర్తిగా మూసుకుని లేదు. బ్రిటిష్ కొలంబియాలోని సర్రేలో పంజాబీ కుటుంబంలో పుట్టిన జుఝార్ ఖైరా 2012-13 సీజన్లో ఇక్కడే, ఈ మంచు మీదే ఆడి, తర్వాత ఎడ్మంటన్ తరఫున ఎన్‌హెచ్ఎల్‌కు వెళ్ళాడు. ఇంజినీరింగ్ చదివే మనవాళ్ళకు మరింత దగ్గరివాడు జాన్ స్కాట్. ఇక్కడ మెకానికల్ ఇంజినీరింగ్ చదివాడు, ఎత్తు ఆరడుగుల ఎనిమిదంగుళాలు. ఎన్‌హెచ్ఎల్‌లో అతనికి పేరు వచ్చింది కొట్లాటల వల్ల. కాలేజీ హాకీలో అయితే పిడికిలి విసిరినవాణ్ణి ఆటలోంచి పంపించి, తర్వాతి ఆటకూ దూరం పెడతారు. 2016లో అభిమానులు వేళాకోళంగా ఓట్లేసి అతన్ని ఆల్ స్టార్ ఆటకు నాయకుణ్ణి చేస్తే, రెండు గోల్స్ కొట్టి, ఆ రోజు అత్యుత్తమ ఆటగాడి బహుమతి పట్టుకుపోయాడు.

ఇంతవరకు చెప్పినదంతా చిన్న రింకు బాగోగుల గురించి. దాని మనుగడ వేరే ప్రశ్న, అక్కడ నాకు అంత ధీమా లేదు. పెన్ స్టేట్‌కు వచ్చిన ఆ 88 మిలియన్ల ఫలితంగా 2013లో బిగ్ టెన్ అనే పెద్ద విశ్వవిద్యాలయాల కూటమిలోని సంస్థలు హాకీకి సొంత కాన్ఫరెన్స్ పెట్టుకున్నాయి. ఆన్ ఆర్బర్, మాడిసన్, మినియాపొలిస్ జట్లు తమ పాత సహచరులను విడిచిపెట్టాయి. మిగిలిన బలమైన జట్లు కొన్ని మరో కాన్ఫరెన్స్ కట్టుకున్నాయి. చిన్నవాళ్ళంతా డబ్ల్యూసీహెచ్ఏ అనే పాత కాన్ఫరెన్స్‌లో మిగిలారు. అప్పుడు చిన్నవాళ్ళు ఏం చేశారు? 2019లో ఏడు సంస్థలు, ప్రయాణాల ఖర్చూ దూరమూ భరించలేమని చెప్పి, రెండు అలాస్కా జట్లనూ అలబామాలోని హంట్స్‌విల్ జట్టునూ వదిలి తాము వేరుపడుతున్నట్టు ప్రకటించాయి. ఆ ఏడింటిలో మిషిగన్ టెక్ ఒకటి. 2021లో కొత్త సీసీహెచ్ఏ మొదలైంది, హంట్స్‌విల్ ఆ ఏడే హాకీ ఆపేసింది, మళ్ళీ మొదలుకాలేదు. పెద్దవాళ్ళు మనల్ని వదిలేశారని వాపోయిన నోటితోనే ఆ ఏడు సంస్థల నిర్ణయాన్ని సమర్థించడం నాకు చేతకాదు. ఖర్చుల లెక్క నిజమే కావచ్చు. చిన్న రింకుల మధ్య ఉండవలసిన ఒప్పందం ఆ రోజు తెగిపోయిందన్నదీ నిజమే. ఆంకరేజ్‌లోని అలాస్కా జట్టును విశ్వవిద్యాలయం రద్దు చేస్తే అభిమానులు మిలియన్ల డాలర్ల విరాళాలు పోగుచేసి 2022లో తిరిగి మంచు మీద నిలబెట్టుకున్నారు. పిట్స్‌బర్గ్ పక్కన నెవిల్ దీవిలో వెయ్యి చిల్లర మంది పట్టే రింకులో ఆడే రాబర్ట్ మోరిస్ జట్టు 2021లో రద్దయి, అటువంటి పట్టుదల వల్లే రెండేళ్ళకు తిరిగి వచ్చింది. నాలుగు టికెట్లు అమ్ముకునే వినోదం అయితే ఎవరూ అంత కష్టపడరు.

ఇప్పుడు కొత్త ఒత్తిళ్ళు వచ్చాయి. కెనడా మేజర్ జూనియర్ లీగుల్లో ఆడినవాళ్ళను అమెరికా కాలేజీ హాకీ దశాబ్దాలుగా రానిచ్చేది కాదు. 2024 నవంబరులో ఆ నిషేధాన్ని ఎత్తివేయాలని నిర్ణయించి 2025 ఆగస్టు నుంచి అమలు చేశారు. సంస్థ మారితే ఒక ఏడాది ఖాళీగా కూర్చోవాలన్న పాత నిబంధన కూడా పోయింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో విశ్వవిద్యాలయాలు ఆటగాళ్ళకు నేరుగా డబ్బు చెల్లించవచ్చు. ఆటగాళ్ళ పక్షాన చూస్తే ఇవన్నీ న్యాయమైనవే. పాతికేళ్ళ లోపు మనిషి తన శరీరాన్ని పణంగా పెట్టి ఆడుతుంటే అతనికి దక్కవలసినది దక్కాలి, నచ్చని చోట ఉండిపొమ్మనే హక్కు ప్రేక్షకుడికి లేదు. కానీ ఫలితం ఎట్లా ఉంటుందో చెప్పడం కష్టం కాదు: ఇక్కడ రెండేళ్ళు ఆడి పదును తేలినవాణ్ణి డబ్బున్న సంస్థ ఎగరేసుకుపోతుంది. మొదటి ఏడు బోర్డులకు గుద్దుకుని పడిపోతూ ఉన్నవాడు నాలుగో ఏటికి ఎట్లా నిలదొక్కుకున్నాడో అదే కుర్చీలోంచి చూసే భాగ్యం తగ్గుతుంది. చిన్న రింకు ఇచ్చే వాటిలో నేను ఎక్కువ విలువ కట్టినది దీనికే, దీన్ని కాపాడే ఉపాయం నాకు కనబడడం లేదు.

పోటీకి తగ్గట్టు ఎదగాలంటే రింకును విస్తరించాలనీ, గాజు గదులు కట్టి కంపెనీలకు అమ్మాలనీ, టికెట్ ధర పెంచాలనీ సలహాలు వస్తాయి. డబ్బు కావాలన్నదాన్ని నేను కాదనను. ఎక్కడ తెచ్చినా సరే, విద్యార్థుల వరుసలను మంచుకు దూరంగా జరపవద్దని మాత్రం విశ్వవిద్యాలయాన్ని కోరతాను. మూల వరుసల టికెట్ గనిపని చేసిన కుటుంబాల మనవలు పిల్లలతో సహా వచ్చి కొనుక్కోగలిగే ధరలోనే ఉంచాలి. కొత్తగా వచ్చే తెలుగు విద్యార్థులకు చెప్పేదీ ఒకటుంది: కార్నివాల్ దాకా ఆగకండి, అక్టోబరులో సీజన్ మొదలవగానే రండి, మధ్య గీత దగ్గర కాకుండా గోలు పక్క మూలన, పది పన్నెండు వరుసల పైన కూర్చోండి. అక్కడి నుంచి రెండు వందల అడుగులూ కనబడతాయి, గోలీ కాళ్ళు కదిలే తీరు కనబడుతుంది, రెండో పీరియడ్‌లో బెంచి ఎంత దూరమో కూడా తెలుస్తుంది.